వెండెల్ బావ కేక

మా వెండెల్ బావకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఉలిక్కిపడితే అరుస్తాడు. ఉలిక్కిపడడానికి ఆయనకి పెద్ద కారణం అక్కర్లేదు. టోస్టర్లోంచి రొట్టె ఎగిరితే అరుస్తాడు. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు డబడబా రాలితే అరుస్తాడు. కార్లు కడిగే షెడ్డులో ఆ గుడ్డపీలికల చక్రం అద్దం మీద పడితే అరుస్తాడు, కారుని అందులోకి తోలుకెళ్ళింది తనే అయినా సరే.

అరుపంటే అలాంటిలాంటి అరుపు కాదు. మనిషి ఆరడుగుల పైమాట. గుండెల దాకా గడ్డం. మా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. ఆ ఒంట్లోంచి ఏ ఎద్దు రంకో వస్తుందనుకుంటాం. వచ్చేది పదేళ్ళ ఆడపిల్ల గొంతు. సన్నగా మొదలై, పైపైకి పోయి, అక్కడే కాసేపు నిలబడి, తీరిగ్గా కిందికి దిగుతుంది. నేను మొదటిసారి విన్నది మా అక్క డార్లీన్ పెళ్ళిలో, షాంపేన్ బిరడా ఎగిరినప్పుడు. పెళ్ళికూతురు అరిచిందనుకుని అందరూ పరిగెత్తుకొచ్చి మా అక్కకి మంచినీళ్ళిచ్చారు. మొగుడి పరువు కోసం అది తాగేసింది కూడా.

"అంత పిరికివాడివి, మంచు తుఫానులో ఒక్కడివే బండి వేసుకుని ఎలా పోతావు బావా?" అని ఒకసారి అడిగాను.

"మంచు చెప్పి వస్తుంది జోనీ. రేడియోలో రెండ్రోజుల నుంచీ చెప్తూనే ఉంటారు. టోస్టరు చెప్తుందా?" అన్నాడు.

సరే, పిరికితనం అందరికీ ఏదో ఒక మూల ఉంటుంది. నాకు అర్థంకానిది ఇంకొకటి. ఇలాంటి మనిషి ప్రతి అక్టోబరులోనూ పెళ్ళాం బిడ్డల్ని వెంటేసుకుని సరస్సు ఒడ్డున ఉన్న వినోదాల పార్కుకి, సరిగ్గా హాలోవీన్ సంబరాలప్పుడే వెళ్తాడు. వెళ్ళి, అక్కడ మనుషులే దయ్యాల వేషాలు వేసుకుని జనాన్ని జడిపించే దయ్యాలకొంపలో అందరికంటే ముందు తనే దూరతాడు. లోపల ఆయన పెట్టే కేకలకి బయట వరసలో నిలబడ్డవాళ్ళు తమ టిక్కెట్ల వంక చూసుకుంటారు. టోస్టరుకి దడుచుకునేవాడికి దయ్యాల మీద ఈ మోజు ఏమిటో ఆ దేవుడికే తెలియాలి.

అక్కా బావలకి కవల మగపిల్లలు, గ్రాంట్, బ్రోడీ. పద్నాలుగేళ్ళవాళ్ళు. వాళ్ళది తండ్రికి పూర్తిగా ఎదురు. "మమ్మల్ని ఇంతవరకూ ఏ దయ్యమూ ఏం చెయ్యలేకపోయింది పిన్నీ. మా మొహాలు చూస్తేనే పక్కకి తప్పుకుంటాయి," అంటాడు గ్రాంట్. "నాన్నే మా పరువు తీస్తాడు," అంటాడు బ్రోడీ. ఆ రెండో మాట వాళ్ళు ఎంత తరచుగా అనేవాళ్ళంటే, వినీ వినీ మాకు పట్టింపు పోయింది.

మా అమ్మాయి టెస్సాకి పదకొండేళ్ళు. కిందటేడు అది కొంప గుమ్మం దాకా వెళ్ళి, లోపలి పొగ చూసి, ఏడ్చుకుంటూ వెనక్కి వచ్చేసింది. కవలలకి ఇక ఏడాది పొడుగునా అదే పండగ. థాంక్స్ గివింగ్ పండగకి టర్కీ కోడిని కాల్చి బల్ల మీద పెడితే, ఆ భోజనాల దగ్గర కూడా వదల్లేదు. "టెస్సా, ఆ టర్కీని చూసి భయపడకు, అది ఎప్పుడో చచ్చిపోయింది," అన్నాడు గ్రాంట్.  ఆ రాత్రి నుంచీ టెస్సా మా ఇంటి నేలమాళిగలోకి దిగి, దీపం ఆర్పుకుని, ఒంటరిగా నిలబడడం మొదలుపెట్టింది. నేను మెట్ల మీద కూర్చుని దాని ఊపిరి వింటూ ఉండేదాన్ని. కన్నదాన్ని, దీపం వెయ్యకుండా కూర్చోవడం నాకెంత కష్టమో చెప్పలేను.

"ఈ యేడు నేను లోపలికి వెళ్తా. అవతలి గుమ్మంలోంచి బయటికి వస్తా. నువ్వు చెయ్యి పట్టుకోకూడదు," అంది. మా ఆయనకి సెలవు దొరకలేదు. అక్కావాళ్ళతో మేమిద్దరమే బయల్దేరాం.

హోటలు బావ ఎంపిక. చవక. ఈతకొలను ఉందన్నారు, ఉంది. నీళ్ళ బదులు ఆకులున్నాయి. ఆరుగురికి ఒకే గది. ఆడవాళ్ళం ముగ్గురం ఒక మంచం మీద, కవలలు ఇంకో మంచం మీద, బావ తలుపు పక్కన మడతమంచం మీద. ఆ తలుపవతలే ఐసు యంత్రం. అది ఐసు రాల్చినప్పుడల్లా బావ అరిచాడు. బావ అరిచినప్పుడల్లా పక్కగదివాళ్ళు గోడ మీద గుద్దారు. ఆ గుద్దుకి బావ మళ్ళీ అరిచాడు.

పొద్దున హోటలువాళ్ళు ఊరికే పెట్టే ఫలహారం. గది నిండా జనం. బావ రొట్టె ముక్కలు టోస్టర్లో పెట్టి, ఈసారి ఎలాగైనా తట్టుకోవాలన్నట్టు దాని వంకే చూస్తూ నిలబడ్డాడు. రొట్టె ఎగిరింది. కేక లేచింది. ఒకావిడ పళ్ళెం జారవిడిచింది. అందరూ తిరిగి చూశారు. ఆపైన నవ్వులు. కవలలు చొక్కాల టోపీలు నెత్తి మీదికి లాక్కుని వేరే బల్ల దగ్గరికి పోయారు.

"ఆ గడ్డం ఆయన మీవాడేనా బాబూ?" అని పళ్ళెం ఆవిడ బ్రోడీని అడిగింది.

"కాదండి," అన్నాడు బ్రోడీ.

బావ విన్నాడు. విననట్టే నవ్వుతూ జామ్ రాసుకున్నాడు. కానీ ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. నా పక్కన కూర్చున్న టెస్సా కూడా చూసింది.

పార్కులో పగలంతా బావ ఎక్కని బండి లేదు, పెట్టని కేక లేదు. చిన్నపిల్లల పడవలో ప్లాస్టిక్ బాతు నీళ్ళు చిమ్మితే కూడా అరిచాడు. సాయంత్రం అయ్యేసరికి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడంలేదు. కవలలు పండగ చేసుకున్నారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

బావ మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. బంగాళదుంపల వేపుళ్ళ బడ్డీలో ఉప్పు పొట్లాలు అడిగి తెచ్చాడు. వేణ్ణీళ్ళు సంపాదించాడు. చెట్టు చాటుకి వెళ్ళి పుక్కిలించాడు. తేనె వేయించుకుని టీ తాగాడు. అక్క మెడలోని ఉన్నిగుడ్డ లాక్కుని తన మెడకి చుట్టుకున్నాడు.

"రేపటికి వచ్చేస్తుందిలే బావా," అన్నాను.

"రేపెందుకు? ఇవాళ కావాలి," అన్నాడు, గుసగుసగా.

"దేనికి? అరవడానికా?" నాకు ఒళ్ళు మండింది. "పిల్ల ఏడాది నుంచీ ఎదురుచూస్తున్న రోజు. దాని సంగతి చూడాలా, నీ గొంతు సంగతి చూడాలా?"

బావ నా వంక చూసి, ఏదో చెప్పబోయి, మళ్ళీ ఉప్పునీళ్ళు నోట్లో పోసుకున్నాడు.

చీకటి పడింది. గుమ్మడికాయ దీపాలు వెలిగాయి. దయ్యాలకొంప ముందు వరసలో నిలబడ్డాం. "నాన్నతో వస్తే నవ్వులపాలు, మేం ముందు పోతాం," అని కవలలు రొమ్ము విరుచుకుని లోపలికి వెళ్ళారు. కాసేపటికి లోపల్నించి జంటగా అరుపులు వినిపించాయి.

"ఎవరో పసిపిల్లలు పాపం," అంది అక్క. అది సంచులు పట్టుకుని బయటే ఉండిపోయింది. బావ ముందు, టెస్సా వెనక, దాని వెనక నేను లోపలికి అడుగుపెట్టాం.

మొదటి గది ఎండిన మొక్కజొన్న చేనులా ఉంది. దారికి అటూ ఇటూ మనిషెత్తు దంట్లు. అందులోంచి ఒక దిష్టిబొమ్మ మా మీదికి దూకింది. బావ నోరు బార్లా తెరిచాడు. టైరులోంచి గాలి పోయినట్టు చప్పుడొచ్చింది, అంతే. దిష్టిబొమ్మ ఒక్క క్షణం ఆగింది. ఇతనితో లాభంలేదనుకుందేమో, టెస్సా వైపు తిరిగింది.

టెస్సా భుజాలు చెవుల దాకా లేచాయి. కాళ్ళు నేలకి అంటుకుపోయాయి. నా చెయ్యి దాని వైపు వెళ్ళిపోతోంది. పట్టుకోనని మాటిచ్చాను. పట్టుకుంటే ఏడాది శ్రమ బూడిదపాలు, పట్టుకోకపోతే పిల్ల ఏమైపోతుందో.

అప్పుడు బావ పడ్డాడు. నిలువునా, ఆ ఎత్తూ ఆ బరువూ మొత్తం, మొక్కజొన్న దంట్ల మీదికి. పది దంట్లు విరిగిన చప్పుడుకి దిష్టిబొమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. బావ మోకాళ్ళ మీద లేచి రెండు చేతులూ జోడించాడు. గడగడలాడాడు. పక్కనున్న గుంజని కావలించుకున్నాడు. గొంతు లేని కేకలన్నీ కాళ్ళతో చేతులతో పెట్టాడు. దిష్టిబొమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఈ సందడికి పక్కగదిలోంచి పెళ్ళికూతురు దయ్యం వచ్చింది, కసాయి దయ్యం వచ్చింది. అందరూ బావ చుట్టూ మూగారు. ఒక్కరి మొహమూ టెస్సా వైపు లేదు.

టెస్సా ఆ మూడు వీపుల్నీ చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు మెల్లిగా కిందికి దిగాయి. పక్క నుంచి తన కాళ్ళ మీద తను నడిచి ముందుకు వెళ్ళింది.

ప్రతి గదిలోనూ ఇదే తంతు. బావ పాకుతూ టెస్సాని దాటి ముందుకెళ్ళేవాడు, దొర్లేవాడు, బతిమాలేవాడు. చివరి నడవలో గుర్రుమనే మోటారు రంపం పట్టుకుని ఒక పొడుగాటి దయ్యం దారికి అడ్డంగా నిలబడింది. బావ దాని బూటు పట్టుకుని వేలాడాడు. టెస్సా గోడ వెంట జరిగి, తెర తొలగించి, వెలుగులోకి వెళ్ళిపోయింది.

అప్పుడు చూశాను. బావ ఓరకంట ఆ తెరనే కనిపెడుతున్నాడు. తెర పడగానే వణుకు ఆగిపోయింది. లేచి మోకాళ్ళు దులుపుకుని, గడ్డంలోంచి మొక్కజొన్న ఆకు ఏరుకున్నాడు.

"పాప దాటేసింది. ఇంక చాలు బాబూ," అన్నాడు గుసగుసగా.

దయ్యం రంపం ఆపేసింది. "సరే సార్. ఈ యేడు గొంతు లేదేంటి? కిందటేడు మీ కేకకి పక్క కొంపలో వాళ్ళు కూడా వచ్చి చూశారు."

"అరిగిపోయింది."

"అల్లం టీ తాగండి సార్," అని దయ్యం తన చోటుకి వెళ్ళిపోయింది.

"బావా," అన్నాను. దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు. "ఎన్నాళ్ళనుంచి ఇది?"

"మావాళ్ళకి ఆరేళ్ళప్పుడు మొదటిసారి వచ్చాం. లోపలికి రాగానే ఇద్దరూ నా కాళ్ళు పట్టుకుని వదల్లేదు. అప్పుడు నేను నిజంగానే అరిచాను. దయ్యాలన్నీ నా మీదికే వచ్చాయి. వాళ్ళ పనే అది కదా, కేక ఉన్నచోటికి పోతారు. పిల్లల్ని ఎవరూ చూడలేదు. బయటికొచ్చి, మాకసలు భయమే వెయ్యలేదు నాన్నా అని గంతులేశారు." బావ గడ్డం గోక్కున్నాడు. "అదెంత బావుందో తెలుసా. మళ్ళీ యేడు నుంచి కావాలనే అరిచాను."

"ఆ వెధవలు నిన్ను అన్ని మాటలంటుంటే చెప్పొచ్చుగా?"

"చెప్తే వాళ్ళ ధైర్యం ఏమైపోతుంది జోనీ?"

 మనం మన ధైర్యం అనుకునేదాంట్లో సగం, ముందు నడిచినవాళ్ళెవరో మన బదులు భయపడిపెట్టిందేనేమో. వాళ్ళని చూసి నవ్వుకుంటూ వెనక నడిచి వచ్చేస్తాం. ఇన్నేళ్ళుగా ఆయన్ని చూసి నేనూ నవ్వాను. నాకు ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

బయట కవలలు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మొహాల్లో నెత్తురుచుక్క లేదు. బ్రోడీకి ఒక బూటు లేదు. అక్క ఇద్దరికీ నిమ్మరసం తాగిస్తోంది.

"ఈ యేడు దయ్యాల్ని మరీ ఎక్కువ పెట్టారు పిన్నీ," అన్నాడు గ్రాంట్. "అన్నీ మా మీదే పడ్డాయి."

"అవునవును, నాకూ అలాగే అనిపించింది," అని బావ గంభీరంగా తలూపాడు.

టెస్సా వాళ్ళ ఎదురుగా నిలబడింది. ఏడాది బాకీ తీర్చుకునే అవకాశం. ఏమంటుందో అని చూశాను. "చాలా మంది ఉన్నార్రా అన్నయ్యా," అని తన పాప్‌కార్న్ పొట్లం వాళ్ళ మధ్య పెట్టింది.

ఆ రాత్రి నన్నొక దిగులు పట్టుకుంది. టెస్సా దాటింది తన ధైర్యంతోనా, బావ దయతోనా? నిజం ఏనాటికైనా తెలిస్తే చిన్నబుచ్చుకోదూ? ఐసు యంత్రం మోగినప్పుడల్లా బావ గొంతులేక ఈల వేస్తుంటే, నేను అదే ఆలోచిస్తూ పడుకున్నాను.

పొద్దున మళ్ళీ అదే ఫలహారం, అదే జనం, పళ్ళెం ఆవిడతో సహా. బావకి గొంతు సగం వచ్చింది. రొట్టె ముక్కలు టోస్టర్లో పెట్టి బిగుసుకుని నిలబడ్డాడు. టెస్సా నా పక్కనుంచి లేచి, పళ్ళెం పట్టుకుని వెళ్ళి, ఆయన పక్కన నిలబడింది.

రొట్టె ఎగిరింది. బావ గొంతులోంచి కేక బయల్దేరింది. అది పైకి పోయేలోగా టెస్సా అరిచింది. చెవులు గింగుర్లెత్తేలా, కిటికీలు అదిరేలా అరిచింది. గదంతా దాని వైపు తిరిగింది. బావ వైపు ఒక్కరూ చూడలేదు.

పళ్ళెం ఆవిడ ఈసారి పళ్ళేన్ని గట్టిగా పట్టుకుని, "ఎవరమ్మా ఈ పిల్ల?" అంది.

బ్రోడీ చెయ్యి టోపీ మీదికి పోయింది. అక్కడే ఆగింది. "మా చెల్లెలండి," అన్నాడు.

టెస్సా రెండు రొట్టె ముక్కలూ తీసి ఒకటి పెదనాన్న పళ్ళెంలో వేసింది. తనదానికి వెన్న రాసుకుంటూ, ఓరకంట ఆయన వైపు చూసింది.

 బావ వంగి టెస్సా చెవిలో బొంగురుగా అన్నాడు. "బాగుంది తల్లీ. పైకి పోయాక అక్కడ ఇంకాస్సేపు నిలబెట్టాలి."