వెలుగుతో అతికిన పోగులు

పుస్తకాన్ని సినిమాగా తీస్తే పుస్తకంలో ఉన్నదే తీస్తారని నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది డిగ్రీ రెండో ఏడాది దాకా ఉంది (మిగతా విషయాల్లో తెలివైనదాన్నే). ఆ రోజుల్లో మేం గుజరాత్‌లో, డిండోలిలో ఒకే గదిలో ఉండేవాళ్లం. బాపు రోజుకు పన్నెండు గంటలు సాంచాల దగ్గర నిలబడేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. నా చేతిలో కథల పుస్తకం కనిపిస్తే ఆయనకు గిట్టేది కాదు, ఒక్కటి తప్ప. మేనమామ సిరిసిల్ల నుంచి తెచ్చిన పిల్లల పుస్తకం అది. రాక్షసి ఆకాశాన్ని చింపేస్తుంది. ఆ చిరుగులోంచి జారిపోయిన తమ్ముడి కోసం ఒక పిల్ల తెగిన పోగులన్నీ ఒక్కొక్కటే ముడివేస్తుంది. ఆ ముళ్లకే పదకొండు పేజీలు. వేళ్లు కోసుకుపోతాయి, పోగు జారుతుంది, మళ్లీ మొదలు. సాంచాలు బంద్ ఉన్న రోజు బాపు ఆ పేజీలే చదివించుకునేవాడు. "గీ రాసినాయనకు పని ఎరుకనే బిడ్డా" అనేవాడు. నా చదువు మీద ఆయన అన్న మంచిమాట అదొక్కటే, అదీ నా గురించి కాదు.

ఆ కథ హిందీలో సినిమాగా వచ్చిందనగానే, పెళ్లయ్యాక టాకీసు మెట్లెక్కని బాపును వారం రోజులు పోరి ఒప్పించాను. నేను ప్రేమించే వస్తువు ఎంత గొప్పదో ఆయన ఒక్కసారి కళ్లారా చూడాలి, అంతే నా కోరిక. అమ్మతో సహా ముగ్గురం వెళ్లి చూస్తే తమ్ముడు లేడు, అతని స్థానంలో ప్రియుడున్నాడు. రాక్షసికి రెండు పాటలున్నాయి. ఆ పిల్ల ముందు పెట్టిన మగ్గానికి నిలువు పోగుల పడుగే లేదు. అయినా ముళ్ల కోసం ఓపిక పట్టాను. ఆ పిల్ల కళ్లు మూసుకుని చేతులెత్తింది. అరచేతుల్లోంచి నీలం వెలుగొచ్చి పోగులన్నీ వాటంతటవే అతుక్కున్నాయి. పదకొండు పేజీలు ఒక్క తుమ్ములో అయిపోయాయి. నాకు ఏడుపొచ్చింది.

తిరుగుదారిలో షేర్ ఆటోలో దర్శకుణ్ణి, నిర్మాతను, వాళ్ల వంశాలను కడిగేశాను. (పక్కనున్న గుజరాతీ ఆయన తన చోటు రాకముందే దిగిపోయాడు.) అమ్మ "జర ఊపిరి తీస్కోవే" అంది. అప్పుడు బాపు నెమ్మదిగా నోరు విప్పాడు.

"మంచిగనే ఉంది గదా. పోరి వేళ్లు తెగలే."

"గందుకే మంచిగ లేదు బాపు. కష్టపడకుంట అతుకుతె గదేం కథ?"

ఆయన ఆటోకివ్వాల్సిన చిల్లర లెక్కపెట్టసాగాడు. గెలిచాననుకున్నాను.

తరువాతి బంద్ రోజున పుస్తకం తెమ్మన్నాడు. ముళ్ల దగ్గరికి రాగానే చెయ్యి అడ్డంపెట్టి, "గా లైటుతోని అతుకుతదని సదువు బిడ్డా" అన్నాడు. బుక్కుల గట్ల లేదన్నాను. అంతటితో ఆగానా, రచయిత రాసింది మార్చే హక్కు ఎవరికీ లేదని పావుగంట ఉపన్యాసం దంచాను. అంతా విని, "సరే తియ్యి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆ వీపుకు పదకొండు పేజీలూ అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. ఆ తరువాత ఆయన ఆ పుస్తకం ఎన్నడూ అడగలేదు.

రోజంతా తెగిన పోగులు ముడివేసి వచ్చిన మనిషి కథలో కూడా ముళ్లే ఎందుకు వినాలని ఆ డిగ్రీ బుర్రకు తట్టలేదు. ఇప్పుడైతే ఆయన చదవమన్నట్టే చదివేదాన్ని, నీలం వెలుగుతో సహా. (సినిమా మాత్రం దరిద్రమే. ఆ విషయంలో ఇప్పటికీ వాదనకు ఎవరైనా రండి.)