ఆగ్నేయంలో గొయ్యి

జగ్గయ్యపేటలో ఏసీలు బిగించేవాడు ఏప్రిల్‌లో దేవుడు, నవంబర్‌లో ఎవరో. ఆ ఎవరో అయిన రోజుల్లోనే నాకు నందిగామ నుంచి పిలుపొచ్చింది. చెవిటికల్లు రైతు ఒకాయన అక్కడ కల్యాణ మండపం కట్టి, హాలు మొత్తానికి సరిపడే పెద్ద ఏసీ తెప్పించారు. బీరువా అంత ఉన్న బయటి యూనిట్‌ను వంటశాల వెనక, ఆగ్నేయ మూల, ఇనుప స్టాండు మీద కూర్చోబెట్టారు. అగ్ని మూల కాబట్టి కరెంటు మీటరూ అక్కడే ఉండాలట. అంతవరకూ వాస్తుకూ నాకూ పేచీ లేదు.

మెయిన్ బోర్డు నుంచి యూనిట్‌కు విడిగా లైను లాగాను. తగిన బ్రేకర్ పెట్టాను. రేపు రిపేరుకొచ్చినవాడు చెయ్యి పెట్టేముందు కరెంటు ఆపుకోవడానికి యూనిట్ పక్కనే స్విచ్ బిగించాను. ఇక మిగిలింది ఎర్తింగ్. ఎప్పుడైనా యూనిట్ రేకుకు కరెంటు తగిలితే అది మనిషిలోంచి కాక నేలలోకి పోవాలి. అందుకు పక్కనే గొయ్యి తవ్వి కడ్డీ దింపాలి.

గొయ్యి అనగానే ఓనరుగారు కుర్చీలోంచి లేచారు.

"ఆగ్నేయంలో గొయ్యా? ఇంట్లో ఆడాళ్ళకి అరిష్టం కదయ్యా! ఎవరు చెప్పార్నీకు?"

"డిప్లొమాలో చెప్పారండి."

"ఆ చెప్పినాయనకి పెళ్ళయిందా?"

ఆయన సంగతి తెలియదు. నాకైతే అయింది. ఇంట్లోనూ నా మాటకు వోల్టేజీ తక్కువే.

"అంత కావాలంటే ఈశాన్యంలో తవ్వుకో. అక్కడ గొయ్యి మంచిదే," అన్నారాయన.

ఈశాన్యమంటే ముందు గేటు పక్క. వెళ్ళి చూస్తే అద్దంలా మెరుస్తున్న గ్రానైట్.

"ఇది పగలగొడతావా? పెళ్ళికొడుకు కారు దిగేదిక్కడేనయ్యా!"

భూమిపూజ చేసి కట్టిన స్థలంలో నాకు జానెడు భూమి దొరకలేదు. ఎర్తింగ్ లేకుండా లైను కలపనని చెప్పి సంచి సర్దుకున్నాను.

మిగిలిన సామాను కోసం వంటశాల వెనక్కి వెళ్ళేసరికి, హాలు ఊడ్చే ఆవిడ భోజనాల బల్లల మీద పరిచే గుడ్డలు ఉతికి, నీళ్ళు కారుతుండగానే ఆ ఇనుప స్టాండు మీద ఆరేస్తోంది.

"అక్కా, కరెంటొచ్చాక దీనిమీద ఆరెయ్యొద్దు. ప్రమాదం."

"కరెంటొస్తే దీన్లోంచి వేడిగాలి కొడతదంటగా తమ్ముడూ. ఇంకా తొందరగా ఆరతయ్."

ఆ తర్వాత పెళ్ళిళ్ళ రోజుల్లో చుట్టాల పెళ్ళికి అదే మండపానికి వెళ్ళాను. హాలు చల్లగా ఉంది. భోజనానికి కూర్చోకుండా వెనక్కి నడిచాను. ఎవరో వచ్చి లైను కలిపి పోయారు. ఎర్తు తీగను నేలలోకి దింపకుండా తెచ్చి, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగతో మెలిపెట్టారు. అలాగైనా మిషను నడుస్తుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున మాత్రం యూనిట్‌కూ స్టాండుకూ ఒళ్ళంతా కరెంటే. స్టాండు మీద తడి గుడ్డలు వేడిగాలికి రెపరెపలాడుతున్నాయి.

ఓనరుగారికి చెప్పాను.

"నువ్వు కలపనన్నావ్, ఇంకోడు పూటలో కలిపిపోయాడు. చల్లగా లేదా, చెప్పు?"

"చల్లగానే ఉందండి."

"మరింకేం? ముందు భోంచెయ్."

చల్లబడింది నేనే. బజారుకెళ్ళి ప్లాస్టిక్ తాడు తెచ్చి, యూనిట్‌కు దూరంగా, కిటికీ ఊచకూ గోడ మేకుకూ మధ్య దండెం కట్టాను. ఆవిడను పిలిచి చూపించాను. "నీకెందుకయ్యా ఇంత శ్రమ," అంటూనే ఒక గుడ్డ తీసి దాని మీద వేసింది. నా జీవితంలో ఒక మాట చెల్లిన రోజు అదేననుకుంటూ బస్సెక్కాను.

కొన్నాళ్ళకు నందిగామలో పనిపడి, అటు వెళ్ళాను. మండపం ముందు నా తాడు కనిపించింది. దాని పొడవునా రంగురంగుల సీరియల్ బల్బులు. వంటశాల వెనక్కి నడిచాను.

"డెకరేషనోళ్ళు అడిగితే ఇచ్చా తమ్ముడూ. గట్టి తాడంట, మెచ్చుకున్నారు," అంది ఆవిడ.

తడిచేతులతో గుడ్డ దులిపి స్టాండు మీద పరిచింది. ముడతలు పోయేలా అరచేత్తో రాసింది. యూనిట్ తిరుగుతూనే ఉంది. ఆవిడ చెయ్యి పైకి లేచేదాకా నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"చూస్తుండు, నువ్వు టీ తాగొచ్చేలోపు ఆరిపోతయ్," అంటూ ఇంకో గుడ్డ అందుకుంది.

ఓనరుగారి ఇంట్లో ఆడవాళ్ళంతా క్షేమమే. ఆగ్నేయంలో నేల గొయ్యన్నది లేకుండా చదునుగా ఉంది.