కొసరు అడిగే క్లోరిన్

పొద్దున్నే ల్యాబులో నీళ్ల శాంపిల్ సీసా మూత తీయగానే క్లోరిన్ వాసన గుప్పున తగులుతుంది. పెందుర్తి వైపు మంచినీళ్ల ప్లాంటులో నా ఉద్యోగమే అది, నీళ్లలో క్లోరిన్ సరిపడా ఉందో లేదో చూడటం. కొత్తవాళ్లు ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం సుభద్ర మేడం గుర్తొచ్చి హాయిగా ఉంటుంది.

మేడం మాకు పదో తరగతిలో సైన్సు చెప్పారు. భర్తకు పోర్టులో ఉద్యోగమొస్తే గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. నాది జాలరిపేట, అమ్మ చేపలమ్మేది. నేను "నాను", "సేపలు" అన్నప్పుడల్లా క్లాసులోని పోర్టు కాలనీ పిల్లలు పగలబడి నవ్వేవారు. దాంతో నోరు కుట్టేసుకున్నాను. పదయ్యాక చదువు మానేసి, మాట్లాడక్కర్లేని పనేదో చూసుకుందామని గట్టిగా నిర్ణయించుకున్నాను కూడా. అలాంటి పని జాలరిపేటలో ఎక్కడుందో మాత్రం ఆలోచించలేదు!

ఒకరోజు మేడం బోర్డు మీద క్లోరిన్ పరమాణువు గీశారు. చివరి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లు. పక్కన సోడియం, దాని చివర ఒక్కటే. "ఎనిమిది నిండితేగానీ క్లోరిన్‌కి కుదురుండదు. మరి ఈ రెండూ ఎదురుపడితే ఏమవుతుందో చెప్పండమ్మా," అన్నారు. అందరూ పుస్తకంలో ఉన్నదే అప్పజెప్పారు. నా నోట్లోంచి ఎలా జారిందో జారింది: "క్లోరిన్ కొసరడుగుతాది మేడమ్. సోడియం ఇచ్చేత్తాది."

క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. "ఆయ్, అదేనమ్మా! ఉప్పు పుట్టేది అలాగే," అంటూ సోడియం నుంచి క్లోరిన్‌కి బాణం గీసి, దాని మీద 'కొసరు' అని రాశారు. అంతటితో వదిలారా? "మరి రెండు క్లోరిన్లే కలిస్తే? ఇద్దరూ అడిగేవాళ్లే కదా. రేపు నువ్వే చెప్పాలి."

ఆ సాయంత్రమంతా అదే ధ్యాస. మర్నాడు లేచి నిలబడ్డాను. "ఎవులూ ఇవ్వరు మేడమ్. సెరొకటి ఏసి పొత్తు పెట్టుకుంతారు. ఆ జత ఇద్దరిదీని." మేడం ముఖం వెలిగిపోయింది. "ఇంత బాగా చెప్పేదానివి ఇన్నాళ్లూ ఎందుకమ్మా దాచుకున్నావు?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఇంటర్లో సైన్సే తీసుకున్నాను.

మొన్న ప్లాంటుకు పై అధికారులు వచ్చారు. వాసనొస్తోందని జనం అంటున్నారట, క్లోరిన్ తగ్గించకూడదా అని అడిగారు. లేచాను. "ఏటవుతాదంటే సార్, దానికి ఒకటి తక్కువ. ఆ ఒక్కదాని కోసమే క్రిముల మీద పడతాది. మనం తగ్గించీస్తే క్రిములు బతికిపోతాయి."

వాళ్లలో అప్పటిదాకా ఇంగ్లీషు తప్ప మాట్లాడని పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"సెప్పమ్మా," అన్నారు, "నాను ఇంటన్నాను."