మిగులు జిల్లా, లోటు జిల్లా

మా అవ్వకు, అంటే మా అమ్మకు, రాజకీయ ఉపన్యాసాలంటే హరికథల కన్నా ఇష్టం. పంతొమ్మిది వందల అరవైల్లో మా చొప్పదండిలో ఏ పార్టీ మీటింగు పెట్టినా ముందు వరుసలో ఆమే. అర్థం కాని మాటలు ఇంటికొచ్చాక నన్ను అడిగేది. నాకు అప్పుడే కొత్తగా బడిపంతులు నౌకరీ వచ్చింది. లోకంలో నాకు తెలియని మాట లేదని ఆమె నమ్మకం. నా నమ్మకమూ అదేలెండి.

ఆ ఏడు కరువు. పర్మిటు లేనిదే ధాన్యం జిల్లా దాటకూడదని సర్కారు కట్టడి చేసింది. అప్పుడు మా ఊరికొచ్చిన నాయకుడొకాయన గంటన్నర మాట్లాడాడు. స్వేచ్ఛా వ్యాపారం అంటే దోపిడీకి ముద్దుపేరన్నాడు. కరీంనగర్ మిగులు జిల్లా, ఆదిలాబాద్ లోటు జిల్లా, మిగులు లోటును ఆదుకోవడమే దేశభక్తి అన్నాడు. అవ్వ చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది.

"మిగులంటే ఏంది కొడుకా?" అని ఇంటికి రాగానే అడిగింది.

"మనం తిన్నంక ఉన్నది."

"లోటంటే?"

"అక్కోళ్ళ దిక్కు."

అర్థశాస్త్రాన్ని అంత తేలికగా తేల్చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అక్కను ఇచ్చింది ఆదిలాబాద్ జిల్లా ఖానాపూర్‌లో. కాన్పు కష్టమై, పాలు సరిగా పడలేదు. ఊళ్ళో జొన్నగటక తప్ప ఏమీ దొరకడం లేదనీ, అది ఆమెకు అరగడం లేదనీ బావ జాబు రాశాడు. అవ్వ ఆ రోజే ఇరవై సేర్ల పాతబియ్యం మూట కట్టింది. జిల్లా దాటించకూడదు కదా అన్నాను.

"నాయకుడే చెప్పిండు గదరా, మిగులు లోటుకు పోవాలెనని!"

నేను చెప్పిన పాఠం నాకే అప్పజెబుతుంటే ఏమనగలను? ఇద్దరం బస్సెక్కాం.

గోదావరి దగ్గర చెక్‌పోస్టులో బస్సు ఆపారు. గుమాస్తా మూట విప్పించి పర్మిటేదన్నాడు. అవ్వ ఇసుమంతైనా జంకలేదు.

"మాది మిగులు జిల్లా సారూ. లోటును ఆదుకునేటందుకు పోతున్నం."

గుమాస్తా పడీ పడీ నవ్వాడు. "ఆదుకునుడు సర్కారు పనమ్మా. నువ్వు చేస్తే దాన్ని దొంగరవాణా అంటరు."

"అమ్మేటందుకు కాదయ్యా, నా బిడ్డ బాలింత!"

"అందరూ గట్లనే చెప్తరు."

అవ్వ నా వైపు చూసింది. నోరు విప్పితే నువ్వెవరివి, ఏ బడిలో పంతులువి అంటాడేమోనని నాకు భయం. నౌకరీ కొత్తది. నేను గోదావరిని తెగ శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను. ఛీ, ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యమే. బియ్యం బస్తాల లారీ ఒకటి కాగితం చూపించి మా పక్కనుంచే దాటిపోయింది. మా మూట మాత్రం గదిలోకి పోయింది.

బస్సు కదిలాక వెనక సీట్లో ఎవరో, "అమ్మ పెట్టదు, అడుక్క తిననియ్యదు," అని గొణిగారు.

అవ్వ గిర్రున తిరిగింది. "సర్కారునేం అనకు! తప్పు నాది. దొంగపని చేసిన," అంది.

ఖానాపూర్‌లో అక్క లేచి కూర్చోలేకపోతోంది. పక్కన పసిగుడ్డు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. అవ్వ ఒట్టి చేతులు చూసి కూడా అక్క ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

మూడోనాడు ఒక షావుకారు బండి మీద బియ్యం తెచ్చాడు. బియ్యం మా దిక్కువే, ధర మాత్రం మా ఊరి ధరకు నాలుగింతలు. కొత్తిమీర కట్టకు కూడా గీచి గీచి బేరమాడే మా అవ్వ, ఆయన్ని ఒక్కటే అడిగింది.

"పర్మిటున్నదా నీకు?"

ఆయన కాగితం తీశాడు. అవ్వ నాతో చదివించి, ముద్ర మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత కాళ్ళ కడియాలు విప్పి ఇచ్చింది. దోపిడీ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దాన్ని నాయకుడు ఇంకెవరి కోసమో వాడేశాడు కదా. పైగా కాగితం చదివి అంతా సరిగ్గా ఉందన్నది నేనే.

అవ్వ మెత్తగా వండి మొదటి ముద్ద అక్క నోటి దగ్గర పెట్టింది. అక్క ముద్ద అందుకోలేదు. "ఎక్కడివే అవ్వా గీ బియ్యం?" అంది.

"తిను బిడ్డా, ఫికర్ చెయ్యకు. ఇవి దొంగబియ్యం కావు."