కింది ఇంటి పులిహోర

సాయంత్రం ఆరూ ఇరవైకి కింది ఇంటావిడ స్టీలు గిన్నెలో పులిహోర పట్టుకుని పైకి వచ్చింది. మా చెల్లి జ్వరంతో చనిపోయి అప్పటికి నెల కాలేదు.

"గుళ్లో పెట్టింది కాదండీ ఆంటీ, ఇంట్లో కలిపిందే. కాస్త తినండి," అంది. వాళ్లది గుంటూరు వైపు.

అమ్మ గిన్నె ముట్టుకోలేదు. "వద్దమ్మా. ఆ మధ్య మొహమాటానికి నీ ప్రసాదం తిన్న. వారానికే నా బిడ్డ మంచం పట్టింది. విగ్రహాలకు పెట్టింది తిన్నందుకు దేవునికి కోపమొచ్చింది."

ఆవిడ గిన్నెతో దిగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"పిడికెడు అన్నానికి పిల్లను తీస్కపోతడా అమ్మా? పొద్దున లేస్తే ప్రేమగల తండ్రీ అని ప్రార్థన చేస్తవు!"

"కోపం లేకుంటే సిలువ ఎందుకురా?"

"ఆ కోపమంతా మనకు బదులు ప్రభువు మోసిండని, సిలువ మీదనే తీరిందని మాకు చెప్పింది నువ్వే గద."

"తీరిందనే అనుకున్న. మరి నా బిడ్డ ఎందుకు పోయింది?"

దేవుని కోపం గురించి, కరుణ గురించి ఎల్బీనగర్ మెట్రోలో ఆఫీసుకు వెళ్తూ వస్తూ చాలా పుస్తకాలు చదివాను. రెండూ ఒకే మనసులో ఎలా ఉంటాయో వాటిలో బాగానే రాశారు. అమ్మకు చెప్పగలిగిన మాట ఒక్కటీ దొరకలేదు. చెల్లి పోయింది దేవుని కోపం వల్ల కాదని పాస్టర్‌గారిని వచ్చి అమ్మకు చెప్పమంటే, "భయం మంచిదే బ్రదర్, అమ్మను కదిలించకండి," అన్నారు. ఆ జవాబు ఇప్పటికీ మింగుడుపడదు.

మన్సూరాబాద్‌లో అదే ఇంట్లో ఉంటున్నాం. అమ్మ కింది ఇంటావిడతో మాట్లాడటం లేదు.