సగం కరెంటుతో చేసిన చెప్పులు

అల్లూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్ళకి గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ మోటార్లకి ఇరవై ఏళ్ళుగా వైండింగ్ చుడుతున్నాను. మోటారు ముందు కూర్చోగానే నేను చేసే మొదటి పని దాని వీపు మీద అరచెయ్యి పెట్టడం. చెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలిగితే ఆ మోటారు బతుకుతుంది. చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చిందంటే లోపల తీగ మీది వార్నిష్ ఉడుకుతున్నట్టే. మీటర్లు లేక కాదు, వాటిని పెట్టెలోంచి తీసేలోపే నా చెయ్యి సంగతి చెప్పేస్తుంది. ఈ చెయ్యంటే నాకు మహా గర్వంగా ఉండేది. ఇప్పుడు అన్నం కలుపుకుంటూ దాన్ని చూస్తే ఒక్కోసారి రోత పుడుతుంది.

మా అక్కకి షుగరు. చాలా ఏళ్ళుగా ఉంది, పాదాల్లో స్పర్శ పోయింది. ఒకసారి గుంట గట్టు మీద నత్తగుల్ల గుచ్చుకుంటే, ఇంటికొచ్చి గచ్చు మీద నెత్తురు మరకలు చూశాక గానీ ఆమెకి తెలియలేదు. నెల్లూరులో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, పాదం ఒంపుకి సరిగ్గా అమరిన మెత్తని చెప్పులే వేసుకోవాలి, అడుగున ఎక్కడా ఒత్తుకోకూడదు అని. ఆస్పత్రిలోనే కొలత తీసి చేయించి ఇస్తామన్నారు. "ఎందుకక్కా, నేను చేసిస్తాగా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పటికి ఏడాదిగా షెడ్డు వెనక గదిలో సరదాకి ఒక చిన్న సీఎన్సీ యంత్రం కట్టుకుంటున్నాను. అల్యూమినియం చట్రం, దాన్ని అటూ ఇటూ నడిపే మూడు స్టెప్పర్ మోటార్లు, గిర్రున తిరిగే చిన్న కత్తి. కంప్యూటర్లో ఏ ఆకారం ఇస్తే అది చెక్కలో చెక్కుతుంది. అక్క చేత మెత్తని గుంట మట్టిలో అడుగు వేయించి, ఆ గుర్తుని ఫోనుతో చుట్టూ ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఆమె పాదం బొమ్మ తయారు చేశాను. దాన్ని చెక్కలో అచ్చుగా చెక్కితే, కోవూరులో చెప్పులు కుట్టే భాయ్ ఆ అచ్చు మీద మెత్తని రబ్బరుని వేడి చేసి ఒత్తి, అట్ట కట్టి, పట్టీలు కుడతాడు. ఇదీ మా పథకం.

స్టెప్పర్ మోటారు మా ఏరేటర్ మోటారు లాంటిది కాదు. దాన్ని నడిపే డ్రైవర్ బోర్డు నుంచి ఒక్కో కరెంటు దెబ్బ వస్తే ఒక్కో అడుగు వేస్తుంది. ఆగమంటే ఆగిన చోటే బిగబట్టి నిలబడుతుంది. ఆ బలమంతా దానికిచ్చే కరెంటులోదే. కరెంటు తగ్గితే పట్టు తగ్గుతుంది. ఎంత ఇవ్వాలో ఆ బోర్డు మీద చిన్న చిన్న స్విచ్చులతో మనమే పెట్టుకోవాలి. మోటారు మీద రాసినంతే పెట్టి ఆన్ చేసి, అరగంట తర్వాత అలవాటు కొద్దీ అరచెయ్యి పెట్టాను. కాలింది. పని చెయ్యకుండా ఊరికే నిలబడి ఉన్న మోటారు కాలడమేమిటి? నాకు తెలిసిన మోటారు లాగే బరువు ఎక్కువైతేనే వేడెక్కుతుంది. ఇది నిలబడినా, నడిచినా కరెంటు తాగుతూనే ఉంటుందని, ఎనభై డిగ్రీల దాకా వేడెక్కినా దానికేమీ కాదని దాంతో వచ్చిన కాగితంలో స్పష్టంగా రాసుంది. చదివాను. ఈ రాసినవాడు ఎప్పుడైనా కాలిన వైండింగు విప్పినాడా అని నవ్వుకుని, స్విచ్చులు జరిపి కరెంటు సగానికి తగ్గించాను. మోటారు చల్లబడింది. థర్మాకోలు ముక్క పెట్టి నడిపిస్తే వెన్నలో చాకు దిగినట్టు చెక్కింది. నా అంతటోడు లేడనుకున్నాను.

మర్నాడు ముందుగా కుడి పాదానికని టేకు చెక్క బిగించాను. ఆరు గంటల పని. సగంలో ఉండగా బయట ఎవరో ఏరేటర్ తెచ్చారు, వాళ్ళతో మాట్లాడుతుంటే లోపల నుంచి టకటకమని ఒక చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే యంత్రం మామూలుగానే నడుస్తోంది. స్టెప్పర్ మోటారులో ఉన్న దరిద్రం ఇదే. పట్టు చాలక అడుగు తప్పితే మా మోటార్లలాగా మూలగదు, ట్రిప్ అవదు. తప్పిన చోటు నుంచే మిగతా పనంతా నిమ్మళంగా చేసుకుపోతుంది. అది తప్పిందని బోర్డుకీ తెలియదు, కంప్యూటరుకీ తెలియదు.

చెక్క విప్పి చూస్తే ముందు భాగమంతా పక్కకి జరిగి ఉంది. బొటనవేలి మొదలు దగ్గర అడ్డంగా ఒక సన్నని మెట్టు. అప్పుడే కొత్త చెక్క పెట్టి మళ్ళీ చెక్కాల్సింది. కానీ అప్పటికే వీడియో తీసి మా మెకానిక్కుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. "అన్నా, నువ్వు ఇంజినీరువే" అని మెచ్చుకోళ్ళు వచ్చిపడుతున్నాయి. ఎంత నీచమైన కారణమో చూడండి. గరుకు కాగితం తీసుకుని ఆ మెట్టుని రుద్దాను. అరచెయ్యి పెట్టి నిమిరితే నున్నగా తగిలింది.

భాయ్ మాత్రం అచ్చు చేతిలోకి తీసుకోగానే ఆగినాడు. "అన్నా, ఇక్కడ ఏందో గీత ఉండాది. అరచేతికి తెలీదు, గోటితో గీసి చూడు" అన్నాడు.

"రబ్బరు పడితే అదే సర్దుకుంటుందిలే భాయ్" అన్నాను. గోరు పెట్టి చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని నాకు లోపల తెలుసు.

అక్క ఆ చెప్పులు వేసుకుని ఇంటింటికీ తిరిగి చూపించింది. "మా తమ్ముడు చేసినాడు, వేసుకున్నట్టే లేదు" అంది. ఆమెకి ఏ చెప్పులు వేసుకున్నా వేసుకున్నట్టు ఉండదు.

నెల తిరగకముందే ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నాను. కుళ్ళిన వాసన వస్తోంది. పొద్దున చచ్చిన రొయ్యలు తేలిన గుంటలో దిగి వచ్చాను, నా చొక్కా వాసనే అనుకుని సిగ్గుపడి లేచి చొక్కా మార్చుకున్నాను. వాసన పోలేదు. వడ్డిస్తూ అక్క అవతలికి తిరిగి అడుగు ఎత్తినప్పుడు అరికాలు కనిపించింది. బొటనవేలి మొదట్లో నల్లటి పుండు, అడ్డంగా. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నెల్లూరు ఆస్పత్రిలో బొటనవేలు తీసేశారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా గట్టు మీద ఏదో తొక్కి ఉంటుందన్నారు. "అవునమ్మా, నేనే చూసుకోలా" అని వచ్చినవాళ్ళందరికీ అక్క చెప్పుకుంది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయిలు ఒలుస్తూ ఉన్నాను. ఆ చెప్పుల్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి పొయ్యిలో కాల్చాను. ఆ రబ్బరు కంపు రెండు రోజులు ఇంట్లో ఉంది. నా మీద నాకు అంతకంటే ఎక్కువ అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు, అయినా నోరు విప్పలేదు.

నాలుగు నెలలకి గాయం మానింది. అక్కే అడిగింది, "ఇంకో జత చెయ్యి అబ్బయా, నువ్వు చేసినవే బాగుండాయి" అని. కాదనడానికి ఒక కారణం చెప్పాలి, నా దగ్గర ఉన్నది ఒక్కటే కారణం. ఒప్పుకున్నాను. వేలు పోయిన పాదం గుర్తు మళ్ళీ తీసి, ఈసారి కరెంటుని కాగితంలో రాసినంత పెట్టాను. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు ఇలాంటి వేడికి పనికిరాదు, అందుకని యంత్రాలకి వాడేది ఒకటి తెప్పించి చూసుకున్నాను. అరవై ఎనిమిది డిగ్రీలు. కాగితం ప్రకారం బాగానే ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

కొత్త అచ్చు చెక్కుతున్నప్పుడు అక్క కుంటుకుంటూ షెడ్డులోకి వచ్చింది. మా ఇంట్లో పుట్టిన మనిషే కదా, నా అలవాటే ఆమెదీ, నేరుగా వెళ్ళి మోటారు మీద అరచెయ్యి పెట్టి, వెంటనే లాక్కుంది.

"కాలతా ఉండాదిరా! కరెంటు తగ్గించు."

"పోయినసారి తగ్గించినానక్కా" అన్నాను.

ఆ ఒక్కమాటతో ఆగి ఉండొచ్చు. ఆగలేకపోయాను. సగం కరెంటు, తప్పిన అడుగు, వేలి మొదట్లో మెట్టు, గరుకు కాగితం అన్నీ చెప్పాను. అక్క యంత్రం వైపే చూస్తూ వింది.

"ఆ గీత ఉండాదని నీకు తెలుసునా?"

"తెలుసు."

"భాయ్‌కి?"

"చెప్పినాడు. నేనే వినలా."

కత్తి చెక్కలో తిరుగుతూనే ఉంది. టేకు పొట్టు ఆమె చీర కుచ్చిళ్ళ మీద పడుతోంది.

"నేనే చూసుకోలేదని ఊరంతా చెప్పుకున్నా. నువ్వు పక్కనే కూసోని బత్తాయిలు ఒలస్తా ఉంటివి" అంది. గొంతు పెంచలేదు. "నా కాలు నాకేమీ చెప్పదు. నువ్వూ చెప్పవు. ఇంక నాకెవురు చెప్పాల?"

తిడితే బాగుండుననిపించింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది, పని అయ్యేదాకా కదల్లేదు. టకటక చప్పుడు రాలేదు. అచ్చు విప్పి, పొట్టు ఊది, ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి, మడమ నుంచి వేళ్ళ దాకా గోటితో గీసి చూసుకుంది. తిప్పి మళ్ళీ గీసింది.

చెయ్యి చాపాను, కోవూరు తీసుకెళ్దామని. ఇవ్వలేదు. కొంగులో చుట్టుకుని, తనే భాయ్ దగ్గరికి పోతానని బస్సుకి బయల్దేరింది.