తక్కాళిని తెలుగులో ఏమంటారు?

ఫోన్ చేసి కూరగాయ పేరు చెబితే ఆ రోజు మార్కెట్ ధర పలికే కంప్యూటర్ ఒకటి తయారవుతోంది. దానికి తెలుగు అర్థం కావాలంటే ముందు ఎంతోమంది మాట్లాడగా వినాలి. అందుకే మా బృందం ఊరూరూ తిరిగి గొంతులు రికార్డు చేసి ఒకచోట చేరుస్తోంది. అది ఎవరి సొత్తూ కాదు. రైతులకో, ఆసుపత్రులకో, చూపులేనివారికో పనికొచ్చేది చేస్తామంటే ఏ కాలేజీ అయినా ఉచితంగా తీసుకోవచ్చు. కోస్తా గొంతులు, తెలంగాణ గొంతులు బాగానే పోగయ్యాయి కానీ తమిళనాడు సరిహద్దు తెలుగు ఒక్కటీ లేదు. హోసూరు వైపు ఎవరు వెళతారని అడిగితే చెయ్యి ఎత్తాను. మాదీ ఆ వైపే, కృష్ణగిరి జిల్లా కల్లావి అని మాత్రం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

హైదరాబాదు నుంచి రైల్లో బెంగళూరు దిగి, మడివాళలో హోసూరు బస్సు ఎక్కాను. పొద్దున్నే బయల్దేరితే గంటలో చేరిపోవచ్చు. కాస్త ఆలస్యమైతే ఫ్యాక్టరీ బస్సుల మధ్య ఇరుక్కుంటారు, జాగ్రత్త. హోసూరు బస్టాండులో నాలుగు ఇడ్లీలు తిని రాయకోట బస్సు పట్టుకున్నాను. టికెట్ పదిహేను రూపాయల లోపే, ప్రయాణం మరో గంట. కండక్టరు ముందు సీటువాళ్ళతో తమిళం, గులాబీల బుట్ట పెట్టుకున్న ఆమెతో తెలుగు, డ్రైవరుతో కన్నడం మాట్లాడుతూ చిల్లర ఇస్తున్నాడు. నేను "రాయకోటకు ఒక టికెట్ ఇవ్వండి" అనగానే ఆగి చూశాడు.

"ఐదరాబాదా మేడం మీది?"

అవునన్నాను. కాస్త గొప్పగా కూడా అనిపించింది, అబద్ధమెందుకు.

రాయకోటలో దిగగానే కోట ఉన్న కొండ కనిపిస్తుంది. ఎక్కి చూడాలనుకునేవారు ఎండ ముదరకముందే వెళ్ళండి. నేను కొండకేసి ఓ చూపు చూసి, టమాటా పెట్టెల మధ్యనుంచి దారి చేసుకుని షేరాటో ఎక్కాను. పది రూపాయలకు, నేను కలవాల్సిన మునెమ్మ వాళ్ళ ఊరి ముందు దింపాడు. మునెమ్మకు యాభై ఏళ్ళుంటాయి. టమాటా పండిస్తుంది. ముందే కబురు పెట్టడంతో పక్కింటి ఆడవాళ్ళను ముగ్గుర్ని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. సంగతంతా చెప్పి, గొంతు రికార్డు చేసుకోవచ్చా అని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకుంది.

"బండి మాట్లాడకముందే రేటు తెలిస్తే చాలు మేడం. రాయకోటకి ఏసేదా, కిష్ణగిరికి తీసుకపోయేదా అని మేమే చూసుకుంటాము. ఇప్పుడు ఆడికి పోయినాకే తెలిసేది" అంది.

ఇక్కడ చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు చదవలేరని బొమ్మలు తీసుకెళ్ళాను. మొదటి బొమ్మ చూపించాను. మునెమ్మ "తక్కాళి" అని, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "కాదు కాదు, టమాటా. టీవీలో అట్లే కదా అనేది?"

నేను తల ఊపాను. పని చెడింది అక్కడే. "చాలా చక్కగా చెప్పారు, దీన్ని ఎలా సాగు చేస్తారో వివరించండి" అంటూ వార్తలు చదివేదానిలా అడుగుతూ పోయాను. నాకు తగ్గ మాటలు వెతుక్కుంటూ వాళ్ళు ఒక్కో ముక్క చెప్పి ఆగిపోయారు. వాతావరణం తేలిక చేద్దామని మా బృందం పరీక్షకు పెట్టిన నంబరుకు ఫోన్ కలిపి, ధర అడగమని మునెమ్మకు ఇచ్చాను.

"తక్కాళి పెట్టె ఈపొద్దు ఎంతకి పోతా ఉండాది?" అని ఆశగా అడిగింది.

"క్షమించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు" అంది ఫోను. రెండోసారీ అదే మాట. మునెమ్మ ఫోను నా చేతిలో పెట్టేసింది. ముఖం చిన్నబోయింది.

"నాకు తెలుగు సరింగా రాదు మేడం. వేరేవాళ్ళని అడగండి."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. "పర్వాలేదండీ, నిదానంగా ప్రయత్నించండి" అన్నాను. ఇంతలో ఫోన్ మోగింది. అమ్మ. ఆఫీసులో అయితే మా ఇంటి యాస ఎవరికీ వినపడకుండా బయటికి నడిచి వెళ్ళి మాట్లాడతాను. ఇక్కడా నాలుగడుగులు పక్కకు వేశాను కానీ సిగ్నల్ సరిగా లేక గొంతు పెంచాల్సివచ్చింది. "వచ్చినానమ్మా! ఈడ రాయకోటలో ఉండాను. తిన్నాను లే. పని అయినాక కిష్ణగిరికొచ్చి బస్సెక్కుతాను."

వెనక్కి తిరిగేసరికి నలుగురూ నన్నే చూస్తున్నారు.

"నీది యాడమ్మా?" అంది మునెమ్మ.

"కల్లావి."

"మనోళ్ళేనా! మరి ఇంతసేపు మాతో అట్ల ఎందుకు మాట్లాడినావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. హాస్టల్లో నా "ఉండాను" విని నవ్విన పిల్లల మీద ఇప్పటికీ కోపం ఉంది నాకు. ఆ పొద్దున మునెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టించింది మాత్రం వాళ్ళు కాదు, నేనే.

"తప్పు నీది కాదక్కా. ఆ మిషనుకి మన మాట తెలీదు. ఎవురూ చెప్పలేదు దానికి. నాకు తెలిసీ నేను చెప్పలేదు" అన్నాను.

"అట్లయితే మళ్ళా మొదట్నుంచి పెట్టు అమ్మణ్ణీ" అని మునెమ్మ బొమ్మల కట్ట నా చేతిలోంచి లాక్కుంది. మొదటి బొమ్మ నా ముఖం ముందు పెట్టి, "నువ్వు చెప్పు. ఇదేమి?"

రికార్డరు నొక్కి "తక్కాళి" అన్నాను. అరుగంతా నవ్వులే. ఆ తర్వాత వాళ్ళను ఆపడం నావల్ల కాలేదు. రాగిముద్ద, అనపగింజల పులుసు పెడుతూ కూడా దళారుల్ని తిడుతూనే ఉన్నారు. తిట్లతో సహా రికార్డు చేశాను, వాళ్ళ అనుమతితోనే.

సాయంత్రం రాయకోట నుంచి కృష్ణగిరి బస్సులో, కిటికీ పక్కన కూర్చుని పొద్దుటి రికార్డులు విన్నాను. నాకు నచ్చాలని తడబడే నాలుగు గొంతులు. అవే పంపి ఉంటే సరిహద్దు తెలుగు చేరిందని అందరం సంతోషించేవాళ్ళం. మునెమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా ఆ మిషను క్షమించమనే అనేది. అంతమందికి పనికొచ్చే చోట సొంత మాటను దాచిపెట్టడం చిన్న తప్పేమీ కాదని ఇప్పుడు తెలుస్తోంది. మీరూ ఇలా గొంతుల కోసం వెళ్ళేట్టయితే ఒక్క సలహా: రికార్డరు తీసే ముందు మీ ఇంటి మాటలో కాసేపు మాట్లాడండి, మొదటి బొమ్మకు జవాబు మీరే చెప్పండి.

దారిలో అమ్మకు ఫోన్ చేశాను. తక్కాళి సంగతి, ముద్ద సంగతి, మునెమ్మ తిట్ల సంగతి నవ్వుతూ చెప్పుకుపోయాను. అమ్మ చాలాసేపు విని, మెల్లగా అడిగింది.

"ఏమ్మా, పక్కన ఎవురూ లేరా?"

"బస్సు నిండా ఉండారమ్మా" అన్నాను.